పాలు పిండే చీర

నా చిన్నప్పుడు, రాజంపేట పక్కన మా పల్లెలో ఉండగా, మా జేజి ఒక పాడి ఎనుమును కొన్నది. గేదెను మా వైపు ఎనుము అంటారు, నాయన తల్లిని జేజి అంటారు. నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైనదాన్ని. తేదీ వేయకుండా ఏదీ రాసే అలవాటు లేదు. ఈ సంగతికి మాత్రం తేదీ దొరకలేదు. శ్రావణమాసమని రూఢిగా చెప్పగలను, ఎందుకంటే శుక్రవారాల పాయసానికి ఇంటి పాలే ఉండాలని జేజి తొందరపెట్టి ఆ ఎనుమును తెప్పించింది.

అమ్మినది పక్క ఊరి ముసలామె. చూపు మందగించి, గడ్డి కోసుకురాలేక అమ్ముకుంది. ఎనుమును, దూడను ఇచ్చింది కానీ మెడలోని పలుపుతాడు మాత్రం విప్పి తన దగ్గరే ఉంచుకుంది. పాడి పశువును అమ్మినవాళ్ళు పలుపు ఇవ్వరు. ఇస్తే పాడి ఇల్లు విడిచిపోతుందని మా వైపు నమ్మకం. మా జేజినాయన, అంటే నాయన తండ్రి, కొత్త పలుపు కట్టి తోలుకొచ్చాడు. ఇంటికి రాగానే జేజి కుంకుడుకాయ పులుసుతో దాని ఒళ్ళంతా రుద్దించింది, కొమ్ములకు పసుపు రాసింది, మెడకు కొత్త గంట కట్టింది. పాత కొట్టం వాసన పిసరంత కూడా మిగలకూడదని ఆమె పట్టుదల. రుద్దినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఎనుము పాలివ్వలేదు. పూటకు రెండు శేర్లు ఇస్తుందని పేరున్న పశువు, దూడను విడిచినా చేపలేదు, పొదుగులోకి పాలు దించలేదు. పత్తిగింజలు పెట్టారు, చెనిక్కాయ చెక్క నానబెట్టి పెట్టారు. మూతి తిప్పుకుని, వచ్చిన దారివైపే చూస్తూ నిలబడేది. ఊళ్ళో తలా ఒక మాట అన్నారు. దిష్టి తగిలిందని కొందరు, ముసలామె మోసం చేసిందని కొందరు. జేజినాయన వచ్చే సంతకు తోలేస్తానన్నాడు. పాలివ్వని ఎనుమును సంతలో ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఎవరూ చెప్పకుండానే నాకు తెలిసిపోయింది. ఆ పూట నేను అన్నం తినలేదు.

సంతకు ముందురోజు పొద్దున్నే జేజి నన్ను వెంటబెట్టుకుని ఆ ఊరికి నడిచింది. తగాదాకు పోతున్నామనుకున్నాను. మేము పోయేసరికి ముసలామె కొట్టంలో ఖాళీ గుంజకు ఎదురుగా కూర్చుని ఉంది. గుంజ పక్కన గోడ మేకుకు పలుపు వేలాడుతోంది. కుడితి తొట్టిలో ఆ పొద్దుటి బియ్యం కడుగునీళ్ళు పోసి ఉన్నాయి. ఎవరికోసం పోశావని జేజి అడగలేదు. తగాదా మాట కూడా ఎత్తలేదు. ఎనుము సంగతి మెల్లగా చెప్పింది.

ముసలామె అంతా విని, లోపలికి పోయి ఒక చీర తెచ్చింది. అతుకులు వేసిన పాత నేత చీర. పేడ మరకలు, పాల మరకలు, దూరానికే తెలిసే పులిసిన వాసన. పాలు పిండేటప్పుడు మాత్రమే ఆమె కట్టుకునే చీర అది.

"దానికి తక్కువయ్యింది మేత కాదమ్మా. ఇది కట్టుకుని కూచో. నెలనాళ్ళు ఉతకొద్దు. ఆమీద ఒకతూరి ఉతికి కట్టుకో, మల్లా కొన్నాళ్ళకు ఉతుకు. నా వాసన కొంచెం కొంచెంగా పోవల్ల, నీ వాసన కొంచెం కొంచెంగా రావల్ల," అన్నది.

పరాయి ఇంటి మాసిన చీర కట్టుకోవడమంటే మా జేజికి ప్రాణసంకటం. శుభ్రం విషయంలో నాది ఆమె పోలికే. అందుకని జేజి ముసలామెనే ఒక్కసారి వచ్చి పిండిపొమ్మని బతిమాలింది. ఆమె మేకుకున్న పలుపును చేత్తో పట్టుకుంది.

"నాకూ రావల్లనే ఉండాది. నేనొస్తే అది నా ఎంటే వచ్చేస్తాది. ఇంగ యాడా నిలబడదు."

ఆ సాయంత్రం జేజి ఆ చీర కట్టుకుని, ముక్కు బిగబట్టి, ఎనుము పక్కన కూర్చుంది. అరుగు మీదినుంచి జేజినాయన, "ఏమ్మే, ఎవురింటిదానివి? మా కొట్టంలోకొచ్చి దర్జాగా కూచున్యావే," అన్నాడు. జేజి వెనక్కి తిరగకుండానే, "పాలు కావల్లంటే నోరు మూసుకో," అన్నది. ఎనుము మెడ వంచి కొంగును వాసన చూసింది. మళ్ళీ చూసింది. అప్పుడు చేపింది. ఖాళీ చెంబు అడుగున మొదటి ధార పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సంత మాట ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఇన్నేళ్ళూ ఇదొక నవ్వుకునే కథగానే నాకు గుర్తుంది. ఈ ఏడాది దానికి ఇంకో అర్థం తెలిసింది.

మా కూతురి కూతురు కర్నూలులో నా ఇంట్లో ఉండి, సర్కారు యూనివర్సిటీలో డిగ్రీ మొదటి ఏడాది చదివింది. చెన్నైలో పేరున్న ఒక ఆడపిల్లల కాలేజీలో రెండో ఏడాదిలో సీటు ఖాళీ అయితే, పరీక్ష రాసి, ఇంటర్వ్యూకు పోయి, ఎంతమందినో దాటి దాన్ని సంపాదించింది. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్ అన్నీ వరసలో పెట్టి ఫైలు కట్టింది నేనే. మా అమ్మాయి కొత్త పెట్టె, కొత్త దుప్పట్లు, కొత్త బట్టలు కొన్నది. నా పాత చీరలతో కుట్టిన బొంత ఒకటుంది. పిల్ల ఏడాది పొడుగునా కప్పుకున్నది. పిల్ల దాన్ని పెట్టెలో పెట్టబోతే మా అమ్మాయి తీసి పక్కన వేసి, హాస్టల్లో నవ్వుతారన్నది. నేనూ సరేనన్నాను.

పిల్ల పోయిన తర్వాత అలవాటుగా ఇద్దరికీ బియ్యం కొలిచి కడిగేదాన్ని. కడిగిన బియ్యం మళ్ళీ డబ్బాలో పోయలేం కదా. రెండు పూటలూ అదే అన్నం తినేదాన్ని.

అక్కడ పిల్ల అసలు తినడమే మానుకుంది. తరగతిలో అందరూ మొదటి ఏడాదినుంచీ కలిసి చదివినవాళ్ళు. పళ్ళెం పట్టుకుని ఏ బల్ల దగ్గర కూర్చోవాలో తెలియక, నిలబడి నిలబడి గదికి వెళ్ళిపోయేదట. ఎవరూ ఒక్క మాట అనలేదు, అలాగని ఎవరూ రమ్మని కూడా అనలేదు. ఇక్కడి సీటు నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచుతామని యూనివర్సిటీలో చెప్పి ఉన్నారు. పిల్ల ఆ మాటనే పట్టుకుంది.

"నువ్వన్నా రా అవ్వా. రెండు దినాలుండి పో. లేకుంటే నేనే వచ్చేస్తా," అని ఒక సాయంత్రం ఫోన్లో ఏడ్చింది.

సంచి సర్దుకున్నాను. బస్సు టైము చూసుకున్నాను. బొంతను కూడా తీసుకుపోదామని, ముందు ఉతకడానికి బకెట్లో సబ్బునీళ్ళు కలిపాను. బొంత ఎత్తితే పిల్ల తలనూనె వాసన, నా చీరల వాసన, ఈ ఇంటి వాసన ఒక్కసారిగా వచ్చాయి. కుంకుడుకాయ పులుసుతో రుద్దించుకుని, దారివైపు చూస్తూ నిలబడిన ఎనుము గుర్తొచ్చింది. తర్వాత, పలుపు పట్టుకుని నిలబడిన ముసలామె. నాకు పోవాలని ఎంత ఉన్నదో నాకే తెలుసు. పోతే పిల్ల నా వెంటే వచ్చేస్తుందనీ తెలుసు.

మోకాళ్ళ నొప్పి అని అబద్ధం చెప్పాను. సబ్బునీళ్ళు పారబోసి, బొంతను అట్లాగే మడిచి బస్సు పార్సిల్లో పంపించాను. మాసిన బొంత పంపుతావా అని మా అమ్మాయి కోప్పడింది. 

బొంత అందిన రోజు పిల్ల ఫోన్ చేసి, నిద్ర పట్టిందని చెప్పింది. నెలాఖరు వచ్చింది, పోయింది. పిల్ల రాలేదు. రోజూ వచ్చే ఫోన్ రెండు రోజులకొకసారి అయింది, తర్వాత ఆదివారాలకు మారింది. పక్క మంచం అమ్మాయికి చలిజ్వరం వస్తే ఆ బొంతే కప్పానని ఒక ఆదివారం చెప్పింది. మొన్న ఆదివారం ఇంకో మాట చెప్పింది.

"అవ్వా, ఈ పొద్దు బొంత ఉతికి డాబా మీద ఆరేసినా. తడిస్తే శానా బరువుండాది. ఇద్దరం చెరొక పక్క పట్టుకుని పిండినాం."

మంచిపని చేశావన్నాను. ఫోన్ పెట్టేశాను.

వెళ్ళేటప్పుడు యూనివర్సిటీవాళ్ళు పిల్ల ఐడీ కార్డు వాపసు తీసుకున్నారు. మెడలో వేసుకునే దాని తాడు మాత్రం మా ఇంటి హాల్లో మేకుకు ఉండిపోయింది. ఏ వస్తువూ తన చోటు తప్పితే ఊరుకోని నేను, దాన్ని మాత్రం తీయలేదు. పాడి పోతుందని పలుపు ఇవ్వరని చిన్నప్పుడు నమ్మాను. ఆ ముసలామెకు పాడి అప్పటికే పోయింది. పంపించినవాళ్ళు వెంట పోకుండా ఉండాలంటే, చేతికి పట్టుకోవడానికి ఏదో ఒకటి మిగలాలి.

బొంత ఉతికానని ఫోన్ వచ్చిన ఆ పూట, నా ఒక్కదానికి సరిపడా ఒక్క గ్లాసు బియ్యమే కడిగాను. తాడు మేకుకే ఉంది.