పెద్దదాని పుట్టిన తేదీ

ఆ నర్సింగ్ హోమ్‌లో ఆమెని అందరూ చిన్నీ అనే పిలిచేవాళ్ళు. ఇంట్లో పిలిచే పేరే అక్కడికీ వచ్చి చేరింది. ఆయా ఉద్యోగం. పొద్దున ఏడింటికల్లా వచ్చి రెండో అంతస్తులో పద్నాలుగు మంచాల దుప్పట్లు మార్చాలి, బెడ్‌పాన్లు కడగాలి, లేవలేనివాళ్ళకి ఒళ్ళు తుడవాలి. పన్నెండో తరగతి సైన్సుతో పాసైన పిల్లకి ఈ పనేంటని మొదట్లో నొచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఏం చేస్తుంది మరి? గోడలకి రంగులేసే తండ్రి ఊపిరితిత్తులు చెడి మంచాన పడ్డాడు. ఫలితాలొచ్చిన నెలకే చిన్ని పనిలో చేరింది. ఆయన రెండేళ్ళు మంచం మీదే ఉండి పోయాడు. కాలేజీ మాట అటకెక్కింది.

చిన్ని పనిలో చేరిన అయిదేళ్ళకి ఆ మాటని అటక మీంచి దించింది పెద్ద సిస్టరు. నర్సులందరి మీదా అజమాయిషీ ఆవిడదే. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. ఓ మధ్యాహ్నం చిన్ని ఆవిడ దగ్గరికి పరిగెత్తుకొచ్చి, "సిస్టర్, ఆరో మంచం తాతగారి చెయ్యి వాచింది. సెలైన్ సూది నరం లోంచి జారినట్టుంది" అంది. చూస్తే నిజమే. డ్యూటీ నర్సు అప్పటికి రెండుసార్లు ఆ మంచం దాటి వెళ్ళింది.

"నువ్వు దుప్పట్లు మారుస్తూనే ముసలిదానివైతే ఆ పాపం నాకు చుట్టుకుంటుందే" అంది పెద్ద సిస్టరు. మర్నాడే నర్సింగ్ డిగ్రీకి దరఖాస్తు ఫారం తెచ్చి చేతిలో పెట్టింది.

ఇద్దరూ దుప్పట్ల గదిలో కూర్చుని ఒక్కో వరుసా చదివారు. పన్నెండో తరగతిలో సైన్సు ఉండాలి. ఉంది. యాభై శాతం మార్కులు. అరవై ఎనిమిది ఉన్నాయి. బదిలీ పత్రం, నడవడి పత్రం. బీరువాలో భద్రంగా ఉన్నాయి. వయసు పాతికేళ్ళు దాటకూడదు.

"నీకింకా ఇరవై మూడేగా?" అంటూ పెద్ద సిస్టరు మార్కుల పత్రం అందుకుంది. వేళ్ళ మీద లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టింది. "ఇదేంటే, దీని ప్రకారం నీకు ఇరవయ్యారు."

"తప్పు పడుంటుంది సిస్టర్, నేనెప్పుడూ పట్టి చూసుకోలేదు. అమ్మనడుగుతాను."

సాయంత్రం ఇంటికెళ్ళి అడిగింది. తల్లి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చీర మడత ఆగిపోయింది.

"అది తప్పు కాదే. పెద్దదాని తేదీ" అంది.

చిన్నికి ముందు ఓ అక్క పుట్టి, జ్వరమొచ్చి పోయిందని తెలుసు. అంతకుమించి ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. తెలియనిదల్లా మిగతా కథ. పెద్దది పోయేనాటికి మూడేళ్ళు నిండలేదు. తల్లి అప్పటికి ఆరో నెల గర్భిణి. చిన్నది పుట్టాక అక్క పేరే పెట్టి, ఇంట్లో మాత్రం చిన్నీ అని పిలుచుకున్నారు. దిగులులో ఉన్న ఇల్లు, పుట్టుక నమోదు చేయించాలన్న ధ్యాస ఎవరికుంది? బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు కాగితం కావాలన్నాడు. తండ్రి ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కాదు, నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో ఉన్న పెద్దదాని జనన పత్రమే పట్టుకెళ్ళాడు. "ఎనిమిదేళ్ళ పిల్ల ఇంతేనా?" అని హెడ్‌మాస్టరు అడిగితే, "కాస్త పీలగా ఉంటుందండీ" అన్నాడట.

మర్నాడు చిన్ని వెళ్తే, మున్సిపాలిటీ ఆఫీసులో గుమాస్తా ఓపిగ్గానే దారి చెప్పాడు. ముందు పెద్దమ్మాయి మరణం నమోదు చేయించాలి. తర్వాత చిన్నమ్మాయి జననం. రెండూ పట్టుకెళ్తే పరీక్షల బోర్డు వాళ్ళు తేదీ దిద్దుతారు. మొదటి కాగితం మీద తల్లి సంతకం తప్పనిసరి. కాలేజీ గడువు ఇంకా ఇరవై రెండు రోజులుంది.

"ఆ సంతకం నేను చెయ్యను" అంది తల్లి.

"ఎందుకమ్మా? ఉన్నమాటేగా రాయడం?"

"దాని పేరు మీద నువ్వు బడికెళ్ళావు. పది పాసయ్యావు, పన్నెండు పాసయ్యావు. ప్రతిసారీ అదీ పాసైందనుకున్నానే. కాగితంలోనన్నా అది బతికుంది. నా చేత్తో చంపమంటావా?"

"మరి నేనెవరినమ్మా? పొద్దున్నే లేచి చదివింది నేను కదా" అంది చిన్ని. తర్వాత పద్నాలుగు రోజులు ఆ ఇంట్లో ఇద్దరూ అవసరానికి తప్ప మాట్లాడుకోలేదు. చిన్ని మళ్ళీ ఆ ఊసెత్తలేదు, బతిమాలలేదు. అది తల్లికి మరీ కష్టంగా తోచిందేమో, పదిహేనో రోజు పొద్దున తనే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద" అంది.

గుమాస్తా ఫారం ముందుకు తోశాడు. "తేదీ గుర్తుందామ్మా? సుమారుగా చెప్పినా పర్లేదు."

తల్లి తేదీ చెప్పింది. వారం చెప్పింది. "పొద్దున తొమ్మిది కాలేదు బాబూ. నీళ్ళడిగింది. నేను గ్లాసు తెచ్చేలోపు..." అని ఆగింది. అవన్నీ రాయడానికి ఫారంలో గడి లేదు. గుమాస్తా తేదీ ఒక్కటీ రాసి ఫారం ఆవిడ వైపు తిప్పాడు. తల్లి సంతకం పెట్టి, బయట మెట్ల మీద కూలబడి, ఇరవై మూడేళ్ళుగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. చిన్ని పక్కన కూర్చుని వీపు నిమురుతూ ఉండిపోయింది. ఆ పూట డ్యూటీకి వెళ్ళలేదు.

మరణ పత్రం నాలుగు రోజుల్లో చేతికొచ్చింది. జనన పత్రానికి మాత్రం నోటీసు అంటించి నెల రోజులు ఆగాలన్నారు. కాలేజీ గడువు కళ్ళముందే దాటిపోయింది. "పోనీలేవే, వచ్చే ఏడు నీకు ఇరవై నాలుగేగా, ఇంకా టైముంది" అని పెద్ద సిస్టరు ధైర్యం చెప్పింది.

రెండు కాగితాలూ పట్టుకుని చిన్ని పరీక్షల బోర్డుకి వెళ్ళింది. అక్కడి అధికారిణి అన్నీ చదివి కళ్ళజోడు తీసింది. "తేదీ మార్పు పది పాసైన మూడేళ్ళ లోపే అమ్మా. నీకు ఏడేళ్ళు దాటాయి."

"ఇప్పుడు నా దగ్గర రుజువుంది కదా మేడం."

"అదే ఇంకా చిక్కు. ఈ మార్కుల పత్రంలో ఉన్న మనిషి చనిపోయిందని నువ్వే కాగితం తెచ్చావు. బతికున్న నీకేమో మార్కుల్లేవు."

ఆవిడ ఎకసెక్కానికి అనలేదు. ఉన్నమాటే అంది. పై అధికారికి అర్జీ పెట్టుకోమని, ఆ అర్జీ కూడా తనే రాసిచ్చింది. చిన్ని ఏడాదిన్నర చెప్పులరిగేలా తిరిగింది. నిబంధన సడలించే వీలు లేదని మూడు వాక్యాల జవాబు వచ్చేనాటికి, అసలు పుట్టిన తేదీ ప్రకారం చూసినా ఆమెకి పాతికేళ్ళు దాటిపోయాయి.

తల్లికి ఆ జవాబు చదివి వినిపించలేదు. "ఏమన్నారే?" అని అడిగితే, "సీట్లు అయిపోయాయట" అంది. సంతకం ఊరికే పోయిందని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదని భయం. తల్లి నమ్మిందో, నమ్మినట్టు నటించిందో చిన్నికి ఎప్పటికీ తెలియలేదు.

ఇప్పుడు ఆమెకి నలభై దాటాయి. అదే అంతస్తు, మంచాలు మాత్రం ఇరవై అయ్యాయి. పెద్ద సిస్టరు రిటైరై వెళ్ళిపోయింది. కొత్తగా చేరే నర్సులకి, కదల్లేని మనిషిని నొప్పి పుట్టకుండా పక్కకి ఎలా తిప్పాలో చిన్నే చూపిస్తుంది. వాళ్ళు అక్కా అంటారు. ఆమె వాళ్ళని మేడం అంటుంది.

మొన్న రిసెప్షన్ పిల్ల డిగ్రీకి దరఖాస్తు పెడుతూ, "పేరులో ఒక్క అక్షరం తేడా ఉందక్కా, తర్వాత దిద్దించుకోవచ్చులే" అంది. చిన్ని చేతిలో బకెట్ కింద పెట్టేసింది.

"తర్వాత కాదు, ఇవాళే వెళ్ళు. నీ ఫోన్లు నేను చూసుకుంటాను."

"ఒక్క అక్షరమే కదక్కా!"

"వెళ్ళమన్నానా" అంది చిన్ని, తనకే కొత్తగా వినిపించేంత గట్టిగా. ఆ పిల్ల బెదిరిపోయి బ్యాగు అందుకుంది. చిన్ని తడి చేతులు కొంగుకి తుడుచుకుని, మోగుతున్న ఫోన్ ఎత్తింది.