బిడ్డ పుట్టగానే ఆపేసిన మాత్రలు

ఆమెని అందరూ కర్టెన్లమ్మ అంటారు. బట్టల దుకాణం కింద సెల్లారులో, ట్యూబులైట్ల వెలుగులో, రోజంతా కిటికీ కర్టెన్లు కుడుతుంది. ఊళ్లోవాళ్ల ఇళ్లలో ఎండ పడకుండా చూసే ఆ మనిషికి తన ఒంటిమీద ఎండ పడేది ఆదివారం బట్టలారేసేటప్పుడే. "కాసేపు బయటికి రావేం, ఎండకి కందిపోతావా ఏంటి?" అని తోటివాళ్లు ఏడిపిస్తే, "నేనొస్తాను, నా మిషను రానంటోంది" అనేది.

కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ కాల్షియం, విటమిన్ డి మాత్రలు రాసింది. చెప్పినదాంట్లో "బిడ్డ ఎముకలకి మంచిది" అన్న ముక్కే ఈమె చెవికెక్కింది. ఒక్క పూట తప్పకుండా మింగింది. పాప పుట్టిన మర్నాడే మానేసింది. బిడ్డ బయటికొచ్చేశాక బిడ్డ మందు తనకెందుకు?

పాప బోర్లాపడే వేళకి ఈమె నడుము, తొడలు సలపడం మొదలైంది. కింద కూర్చుంటే గోడ ఆసరా లేనిదే లేవలేకపోయేది. ఒకరోజు గుక్కపట్టిన పాపని ఎత్తుకుని లేవబోయి, కాళ్లలో సత్తువ చాలక చాప మీదే చతికిలబడింది. దెబ్బైతే తగల్లేదు. కన్నబిడ్డని ఎత్తుకోలేకపోతే ఇంకేం తల్లి? ఎవరికీ చెప్పలేదు. అత్తగారికైతే అసలే చెప్పలేదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఆ మాట అన్నవాళ్లకి ఈ అత్తగారు తెలిసుండదు. నడుము వంగిపోయి నేల చూపులు చూస్తూ నడిచే మనిషి, కానీ ఇంట్లో ఆవిడ కంటపడనిది లేదు. నోరు మాత్రం కత్తెరే.

"ఏమే, లేచినప్పుడల్లా ఆ గోడని పీకుతున్నావు. పడిపోతే మళ్లీ కట్టిస్తావా? పద ఆస్పత్రికి."

"బాలింతకి ఈ నొప్పులు మామూలేగా అత్తయ్యా."

"నాకూ అదే చెప్పారు. మామూలే అనుకుంటూ ముగ్గుర్ని కన్నాను. చూడు నా నడుము. ఇది మామూలా?"

కోడలు చెప్పులేసుకుంది.

రక్తపరీక్షలో విటమిన్ డి అడుగంటిందని తేలింది. మాత్రలెందుకు మానేశావంటే, "బిడ్డ పుట్టేసిందిగా" అంది కర్టెన్లమ్మ. డాక్టరమ్మ తల పట్టుకుంది.

"ఏరు దాటాక తెప్ప తగలేశావన్నమాట! అసలు నువ్వింకా దాటలేదమ్మా. పాప తాగే పాలకి కాల్షియం నీ ఎముకలే ఇస్తున్నాయి. విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. రాసినంతే వేసుకో, తగ్గించొద్దు, ఎక్కువా వేసుకోవద్దు."

ఇక ఇంట్లో అత్తగారిదే పోలీసు ఉద్యోగం. "మింగావా? ఏదీ, నోరు తెరువు." నొప్పి ఒక్కసారిగా పోలేదు. నెలలు పట్టింది. ఒక పొద్దున పాప ఏడిస్తే కర్టెన్లమ్మ గబుక్కున ఎత్తుకుని లేచి నిలబడింది. లేచాక గానీ తను లేచిన సంగతి తెలియలేదు. ఏడుపొచ్చేసింది. పాపతో వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, రేపు మనం డాక్టరమ్మ దగ్గరికెళ్తున్నాం. మీ నడుం చూపించడానికి."

"ఈ వయసులో నా నడుం నిటారవుతుందటే?"

"అవదట. ఇంకా వంగకుండా, ఎముక విరక్కుండా మందులున్నాయట. మొన్న వెళ్లినప్పుడు అడిగొచ్చాను."

ఆవిడ గరిటె పక్కన పెట్టి కోడలి వైపు తిరిగింది.

"అప్పట్లో నొప్పని మా అత్తకి చెప్పలేకపోయానే," అంది. "భయపడ్డాను."

"నేనూ మీకు చెప్పలేదత్తయ్యా," అంది కోడలు. "మీరే చూశారు."