పెళ్లిసామాను పార్వతీదేవి

శృంగవరపుకోటలో పెళ్లిసామానంటే పార్వతీదేవి కొట్టే. ఏ ఇంటివారిది ఏ ఆచారమో, ఎవరికి ఏ రకం బాసికాలు కావాలో అన్నీ ఆవిడకి నోటికొచ్చు.

ఆవిడకి అరవై దాటగానే కొడుకు ఆనంద్‌కుమార్‌కి మాతృభక్తి పొంగుకొచ్చింది. తల్లిని నిచ్చెన ఎక్కనివ్వలేదు, నడవనివ్వలేదు. కొట్టుకి స్కూటరు మీద తీసుకొచ్చి మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టేవాడు. షావుకారు తల్లి కాలు కింద పెట్టకపోవడమే ఇంటికి గొప్పని మురిసిపోయాడు, వెర్రినాయన! రెండేళ్లు తిరక్కుండా ఆవిడకి మతిమరుపు మొదలైంది. 2014 వేసవిలో ఒక పెళ్లి సామానులో బాసికాలే కట్టడం మరిచిపోయింది. ముహూర్తం ముంచుకొస్తుంటే పెళ్లివారు కొట్టు మీదకొచ్చి నానా మాటలూ అన్నారు.

"కార్తీకం పెళ్లిళ్ల దాకా సూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే కొట్టు మానీ" అన్నాడు కొడుకు.

కొట్టు లేకపోతే తనింకెందుకనుకుంది పార్వతీదేవి.

డాక్టరు చూసి, పెద్ద జబ్బేమీ లేదు, బాగా నడిపించమన్నాడు. కోడలు అర్చన చదువుకునే రోజుల్లో ఖోఖో ఆడిన మనిషి. కొంగు బిగించింది.

"మా పీఈటీ మాస్టారు పరీక్షలప్పుడు కూడా మమ్మల్ని పరుగెత్తించీవోరు అత్తయ్యా. ఒళ్లు కదిలితే సదివింది బుర్రలో నిలుస్తాదనీవోరు. సిన్నోళ్లకైనా పెద్దోళ్లకైనా అంతే. లెగండి!"

లేచింది. తెల్లారితే కొండదారి, ఆపైన కొట్టుకీ నడకే. మొదట్లో ఒకటే ఆయాసం, నడక వద్దని ఇంట్లో కొడుకు పోరు. వానలు వెనకబట్టేసరికి ఒళ్లు తేలికపడింది. మరి బుర్రో? ఎవరికీ తెలీదు.

కార్తీకం రానే వచ్చింది. మొదటి బేరం గున్నమ్మది.

"మా పెద్దపిల్ల పెళ్లికి సామాను మీరే కట్టేరు. ఇప్పుడు సిన్నపిల్లకి అలాగే కట్టండమ్మా" అంది.

ఆనంద్‌కుమార్ తల్లికేసే చూస్తున్నాడు. పార్వతీదేవి చకచకా నిచ్చెనెక్కేసింది.

"మీకు ముత్యాల బాసికాలు పనికిరావు, జీలుగు బెండువే. మేనమామ తలపాగాకి పసుపు గుడ్డ వేరే. ఆ ఏడు పొట్టిదైపోనాదని మీ తమ్ముడు పందిట్లో అలిగి కూకున్నాడు కాదేటి? ఈపాలి మూరెడు ఎక్కువేస్తన్నాను!"

"ఇప్పటికీ అలుగుతాడమ్మా!" పడీపడీ నవ్వింది గున్నమ్మ.

అర్చన చప్పట్లు కొట్టేసింది. ఆనంద్‌కుమార్ కళ్లనిండా నీళ్లు.

"నిన్నింక కొట్టు మానమంటే నా నోరు పడిపోవాలమ్మా!"

"ఒరే, మాటలు తరవాత. అదిగో, ఇంకెవరో పెళ్లోరు మెట్లెక్కుతన్నారు. పిలు!" అంది పార్వతీదేవి, నిచ్చెన మీంచే.