మామ్మ ఎక్కిన బండి

ఆ రోజుల్లో నాకు బుద్ధి లేదనను. ఉన్నదంతా బండి కింద పడుకుని ఉండేది. పోర్ట్ క్లాంగ్ రేవులో గోడౌన్ ఉద్యోగం, చేతిలో ఎవరో వాడి వదిలేసిన రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. వానొస్తే లోపల తడిసేది, ఎండ కాస్తే ఇంజిన్ ఉడికేది. దాన్ని అమ్మి వేరేది కొనాలా, దాన్నే మార్పులు చేయించి ఉంచుకోవాలా అన్నదే అప్పటి నా జీవితానికంతటికీ ఏకైక ప్రశ్న. జవాబు మామ్మ (మా నాన్న తల్లి) ఎప్పుడో చెప్పేసింది. బటాంగ్ బెర్జుంటైలో తాను రబ్బరు పాలు తీసిన ఎస్టేటు పక్కన, తన పెళ్లి జరిగిన చిన్న చర్చి ఉంది. దాన్ని ఇంకొక్కసారి చూడాలని ఆవిడ కోరిక. బాబాయి తన వ్యాన్‌లో తీసుకెళతానంటే ఒప్పుకోలేదు. "నా మనవడి బండిలోనే ఎల్తాను. నాలుగు తలుపులది కొనరా, నా మోకాళ్లు మడతపడవు" అనేది. "ఈ పని అయిపోనీ మామ్మా, వచ్చే నెల ఎల్దాం లా" అనేవాణ్ణి (మాట చివర ఊరికే ఒక 'లా' తగిలించడం ఇక్కడివాళ్లందరికీ అలవాటు).

ఆ పని అయ్యేది కాదు. మొదట షోకు కోసం బండి ఎత్తు తగ్గించి నేలకి దింపించాను. వీధి మొదట్లో ఉన్న స్పీడ్ బంప్ దాని పొట్ట గీకితే, నేను ఇంటికొచ్చానని వీధంతటికీ తెలిసేది. తర్వాత సైలెన్సర్ మార్పించాను (ఆదివారం పాస్టరుగారు నేను ఇంజిన్ ఆపేదాకా ప్రార్థన ఆపేవారు). చివరికి రేసు సీట్లు పెట్టించి, పీకేసిన పాత సీట్లను వరండాలో పలకల మీద పడేశాను. మామ్మ ముచ్చటపడి కొత్త సీట్లో కూర్చోబోయింది. కూర్చోలేదు, లోపలికి జారిపోయింది. నేనూ బాబాయీ చెరో చెయ్యి పట్టుకుని పైకి లాగుతుంటే, "ఇది బండి కాదురా, నుయ్యి!" అంది. ఆయాసం తీరేదాకా వరండాలో పాత సీట్లో వెనక్కి వాలి, "ఇది ఎంత బాగుందిరా! దీన్ని ఏల పీకీసినావు?" అని అడిగింది. ఆనాటి నుంచి ఎడమ సీటు ఆవిడది.

నాకు జ్ఞానోదయమయ్యేసరికి మామ్మ నడక బాగా తగ్గింది. బండి అమ్మేసి నాలుగు తలుపులది కొందామని బేరం పెడితే, ఇపో అనే ఊరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. తల లోపలికి పెట్టి చూసి నీరుగారిపోయాడు. "ఒరిజినల్ సీట్లు ఏవి అన్నా? అవి లేకపోతే నాకొద్దు లా" అన్నాడు. వరండా వైపు చూపించాను. మామ్మ అందులోనే ఉంది, కాళ్లు చాపుకుని.

"లెగు మామ్మా. ఈ సీట్లిచ్చేస్తే పెద్ద బండి కొని నిన్ను ఎక్కించుకుంటాను."

"నాను ఎక్కీసినాను కదరా," అంది, పక్కనున్న కుడి సీటును చేత్తో తట్టి. "నువ్వే ఇంకా రానేదు."

వెళ్లి పక్కన కూర్చున్నాను. కుర్రాడు కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. బండి చివరికి పాత ఇనుము కింద పోయింది. నాలుగు తలుపులది కొన్నాను కూడా. అప్పటికి మామ్మ గేటు దాకా కూడా రాలేకపోయేది. సాయంత్రం పూట మాత్రం వరండాలో మా ప్రయాణం తప్పేది కాదు. "ఎక్కడిదాకా వచ్చినాంరా?" అని అడిగేది. "ఇంకా క్లాంగ్ దాటలేదు మామ్మా, ట్రాఫిక్ జామ్ లా" అనేవాణ్ణి. "నీ తోలుడుకి నడిసెల్లినా ఈపాటికి సేరిపోదును" అని నవ్వేది.

చర్చి చూడకుండానే మామ్మ వెళ్లిపోయింది. ఎడమ సీటు అలాగే ఉంది. ఇప్పటికీ పని నుంచి వచ్చి కుడి సీట్లో కూలబడగానే, నెరిసిన తలకాయకి సిగ్గు లేకుండా, నా చెయ్యి దానంతటదే బెల్టు కోసం వెతుకుతుంది. లేని బెల్టు పెట్టుకుని, కాసేపు ఆ జామ్‌లోనే ఉండిపోతాను.