రెండు పిడుల గిన్నె

ఇంగ్లండులోని కార్న్‌వాల్ తగరపు గనుల మధ్య మా ఊరి మెథడిస్టు క్రైస్తవుల మందిరంలో, మా ముత్తవ్వ థర్జా ఎప్పుడూ ముందు బెంచీలోనే కూర్చునేది. ఆదివారం పనిచేయడం పాపమని శనివారం సాయంత్రమే బంగాళాదుంపలు చెక్కు తీసి నీళ్ళలో వేసేది, ఇంటిల్లిపాది బూట్లకూ నల్లరంగు పట్టించేది. శ్రుతి తప్పినా పాటలో గొంతు తగ్గించేది కాదు. "దేవుడికేం చెముడు లేదే అమ్మా" అని కూతురు ఎగతాళి చేస్తే, "నీకుందిగా, నీకోసమే పాడుతున్నా" అనేది.

ఆమె పెద్దకొడుకు సైలస్ గనిలోకి దించే తాడు తెగి చనిపోయాడు. ఆ పాత తాడు ఇంకో వారం తెగకుండా ఆగుతుందని చెప్పింది గని మేస్త్రీ పాస్కో. కొన్నేళ్ళకు అతను మారుమనసు పొంది మందిరానికి రాసాగాడు. మందిరంలో ప్రేమవిందు అనే ఆరాధన రోజున రెండు పిడుల నీళ్ళ గిన్నె చేతులు మారుతూ వస్తుంది; తాగేముందు ప్రతివాళ్ళూ తమ మనసులో ఉన్నది దేవుడి ముందు సాక్ష్యంగా చెప్పాలి. ఒక ప్రేమవిందులో వేరే చోటులేక పాస్కో ఆమె పక్కనే కూర్చున్నాడు. గిన్నె అందుకుని ముత్తవ్వ లేచి నిలబడింది.

"ఈయన్ని నేనింకా క్షమించలేదు. ఆ మనసియ్యమని రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నా, రావట్లేదు. వచ్చిందని అబద్ధమాడి ఈ నీళ్ళు తాగలేను."

ఆమె తాగకుండానే గిన్నెను పాస్కోకు అందించింది. అతను ఒక్క పిడే పట్టుకోవడంతో గిన్నె ఒరిగి నీళ్ళు ఒలికిపోతుంటే, రెండో పిడిని తాను గట్టిగా పట్టుకుంది.

"తాగయ్యా. నాకు ఆ మనసు వచ్చేదాకా నువ్వు దాహంతో ఉండక్కర్లేదు."