దుప్పటి మీద సుద్దగీత

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఆసుపత్రి ఆయమ్మ మా నాయన పక్క మీద దుప్పటి మార్చింది. "అన్నా, ఈడ ఎర్రగుండాది, చూసినావా?" అంది. నడుము కింద రూపాయి బిళ్ళంత మచ్చ. వేలితో నొక్కినా తెల్లబడలేదు.

నాయనకు తుంటి ఎముక విరిగితే మార్కాపురంలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేయించాం. దానికి ప్రభుత్వ ఆరోగ్య కార్డు పనికివచ్చింది. డాక్టరు మచ్చ చూసి, "బెడ్‌సోర్ మొదలవుతోంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి" అన్నారు. ఎవరు తిప్పాలో చెప్పలేదు. బిల్లింగ్ కౌంటర్‌లో అడిగాను.

"కార్డు ప్యాకేజీలోకి పుండు ఖర్చు రాదన్నా. ఎయిర్ బెడ్, డ్రెస్సింగ్, నర్సింగ్ చార్జీ మీరే కట్టుకోవాల."

రోజూ కట్టాను. మంచానికి తగిలించిన చార్టులో, నాయనను తిప్పినట్టు రెండు గంటలకోసారి టిక్కు ఉండేది. నేను నమ్మలేదు. కంభంలో మాది పప్పుల దుకాణం. గోడౌన్‌లో బస్తాను ఎవరైనా కదిలించారేమో తెలియడానికి దాని అంచు వెంట సుద్దగీత గీస్తాం. మూడో రోజు ఉదయం నాయన భుజం వెంట, దుప్పటి మీద, అలాగే గీశాను.

"ఏందిరా గీత? నన్ను గూడ స్టాకులో కలిపినావా?" అన్నాడు నాయన.

నవ్వి, వరండాలో బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తూ ఉన్నాను. మధ్యాహ్నం పిలిచాడు.

"ఒరే, నడుం మంటగుండాది. రవ్వంత తిప్పు."

"తిప్పేదానికి వాళ్లకు డబ్బు కడతాండాం నాయనా. కొంచేపు ఓర్చుకో."

ఆయన మళ్లీ పిలవలేదు.

సాయంత్రం ఆరింటికి గీత చెరగలేదు. చార్టులో నాలుగు టిక్కులు ఉన్నాయి. సిస్టర్‌ను పిలిచి చూపించాను. "మీరు ఈడనే ఉండారు కదన్నా, తిప్పుకుంటారులే అనుకున్నా" అంది. ఆ వారం నర్సింగ్ చార్జీ బిల్లులోంచి తీసేశారు. గెలిచాననుకున్నాను. ఆ తర్వాతే ఇద్దరం కలిసి నాయనను పక్కకు తిప్పాం. మచ్చ మీది తోలు దుప్పటికి అంటుకుని వచ్చింది.

పది రోజులకు పుండు లోపల నల్లబడింది. కుళ్లిన కండ కోసి తీసే డిబ్రైడ్‌మెంట్ చేశారు. ఇంటికి తెచ్చాక గిద్దలూరు నుంచి ఒకతను వచ్చి డ్రెస్సింగ్ చేసేవాడు. దేనికీ కార్డు పనిచేయలేదు. అమ్మా నేనూ వంతులు వేసుకుని నాయనను తిప్పాం. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి నాలుగో నెలలో ఆయన పోయాడు.

ఆ చార్టును ఇప్పటికీ నమ్మను. ఆ రోజు బెంచీ మీద కూర్చున్న నన్నూ నమ్మను.

మీ మనిషిని చేర్చిన రోజే అడగండి: పుండు పడితే ఖర్చు ఎవరిది, తిప్పేది ఎవరు? కాగితం మీద రాయించుకోండి. రాసిచ్చినా సరే, పిలిస్తే లేచి వెళ్లి మీరే తిప్పండి.

మా ఇంట్లో ఇప్పుడు రెండు గంటలకోసారి ఎవరూ లేవడం లేదు.