మా అత్తయ్య పథ్యం

మా అత్తయ్య పోయి మొన్న శుక్రవారానికి నెల అయింది. జగ్గయ్యపేటలో మా ఇంట్లోనే, పొద్దున్న తొమ్మిదింటప్పుడు, నేను గ్లాసులో రాగిజావ తిప్పుతూ ఉండగా పోయారు. ఫోన్లో ఎవరికి చెప్పినా ముందు అడిగింది ఒకటే: "చివర్లో ఏమన్నా తిన్నారా?" ఆ ప్రశ్న నన్నింకా నిద్రపోనివ్వడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా వీధిలో ఎవరికి ఏ జబ్బు చేసినా పథ్యం చెప్పేది మా అత్తయ్యే. బాలింతకి వెల్లుల్లి కారం, కామెర్లకి మజ్జిగన్నం, జ్వరం తగ్గినవాళ్లకి బీరకాయ కూర. పక్కింటి సాయిబుగారి కోడలు పురిటికి నందిగామ పుట్టింటికి వెళ్తూ ఆవిడ చేత కారప్పొడి కొట్టించుకుని మరీ పట్టుకెళ్లింది. "నోరు కట్టుకుంటే సగం రోగం పోయినట్టే" అనేవారు. లంఖణం పరమౌషధం అన్న మాటని తనే కనిపెట్టినంత ధీమాగా చెప్పేవారు. పెళ్లయిన కొత్తలో నాకు జలుబు చేస్తే మూడు రోజులు పెరుగు కంట పడనివ్వలేదు. నాలుగో రోజు దొంగతనంగా తింటుంటే పట్టుకుని, "తిను తిను, దగ్గొస్తే నీకొస్తుంది గానీ నాకొస్తుందా" అన్నారు.

అలాంటి మనిషికి క్లోమంలో క్యాన్సర్ అని తేలింది. విజయవాడలో కీమో మొదలైంది. ఇంటికి రాగానే ఆవిడ తన పథ్యం తనే చెప్పేసుకున్నారు. నూనె వద్దు, పెరుగు వద్దు, గుడ్డు మాట ఎత్తొద్దు. చారన్నం, ఇడ్లీ, అంతే. జబ్బు పెద్దది కాబట్టి పథ్యమూ పెద్దదే అనుకుని నేనూ తల ఊపాను. ఎంత పథ్యం చేసినా తిన్నది వంటబట్టేది కాదు, జిడ్డుగా విరేచనమయ్యేది. అది చూసి ఇడ్లీ మీద వేసుకునే నెయ్యి చుక్క కూడా మానేశారు.

రెండో విడతకి వెళ్లేసరికి జాకెట్లన్నీ వదులైపోయాయి. "బరువు ఇంకా తగ్గితే ఈ మందు తట్టుకోలేరు, కీమో ఆపాల్సొస్తుంది" అని డాక్టరు మమ్మల్ని డైటీషియన్ దగ్గరికి పంపారు. చిన్న వయసు అమ్మాయి. కాగితాలు తిరగేసి నన్ను అడిగింది: "అరుగుదల క్యాప్సూల్స్ ఎప్పుడిస్తున్నారండి?"

"తిన్నాకేనండి. ఒక్క పూట కూడా తప్పలేదు," అన్నాను గొప్పగా.

ఆ అమ్మాయి పెన్ను కింద పెట్టింది. "అవి తింటూ మింగాలండి. మొదటి ముద్దతోనే. అన్నం అరగడానికి ఆవిడ ఒంట్లో ఊరాల్సిన రసం సరిగ్గా ఊరట్లేదు. ఆ పని ఈ మందు చెయ్యాలి. అన్నం ముందెళ్లిపోయి ఇది వెనకెళ్తే ఏం లాభం?"

మాత్ర అంటే తిన్నాకే అని మన ఇళ్లలో పుట్టినప్పట్నుంచీ వింటున్నదే కదా. చీటీ మీద ఏం రాసుందో నేను చదవనే లేదు. మూడు వారాలు! అత్తయ్య మాత్రం, "మరి పథ్యం ఏంటమ్మా?" అని అడిగారు.

"తినడమే పథ్యమండి. రోజుకి ఆరుసార్లు, కొంచెం కొంచెం. గుడ్డు, పెరుగు, పప్పు, నెయ్యి, అన్నీ."

తిరుగు ప్రయాణంలో కారు నందిగామ దాటాక ఆవిడ అన్నారు: "ఊళ్లో అందరి నోళ్లూ కట్టించా. ఇప్పుడు నన్ను నోరు తెరవమంటున్నారే అమ్మాయ్."

"నా వల్లే అత్తయ్యా, ఆ మాత్రలు..."

"ఊరుకో. చదువుకున్న నువ్వు చదవలేదు, చదువురాని నేను అడగలేదు. చెరిసగం."

ఆ మాటకి నేను కారులోనే ఏడ్చేశాను. మర్నాటి నుంచి ఆవిడ తినడాన్ని కూడా నోములాగే పట్టారు. నోరంతా ఇనుము నాకినట్టుందంటూనే, మొదటి ముద్దతో క్యాప్సూలు మింగి, గుడ్డు తినేవారు. నేను ఆఫీసు నుంచి గంటకోసారి ఫోన్ చేసేదాన్ని. "తిన్నానే తల్లీ, పోలీసులా అడక్కు" అనేవారు. నాకు నమ్మకం కుదిరేది కాదు. ఇంటికి రాగానే గిన్నెలు చూసుకునేదాన్ని.

మూడో విడతకి వెళ్లాం. ఆవిడ బరువు మిషన్ ఎక్కారు. తగ్గలేదు. పరీక్ష పాసైన పిల్లలా నా వంక చూశారు. ఆ తర్వాత ఇంకో రెండు విడతలు అలాగే నెగ్గుకొచ్చారు. కానీ జబ్బు ఆవిడ కంటే ముందు పరిగెత్తింది. కీమో ఆపేశారు. "ఇక బలవంతం చెయ్యకండి, అడిగింది అడిగినంతే పెట్టండి" అని డైటీషియన్ అమ్మాయి ఫోన్లో మెల్లగా చెప్పింది.

నా చెయ్యి ఆగితేగా! ఆరుసార్లూ గిన్నె పట్టుకుని వెళ్లేదాన్ని. ఆవిడ మొహం తిప్పుకుంటే, "రెండే రెండు చెంచాలు అత్తయ్యా" అని ప్రాణం తీసేదాన్ని. ఆ రెండు చెంచాలు ఆగిపోతే ఆవిడ కూడా ఆగిపోతారని నా భయం.

పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం, నా చేతిలో గిన్నె పక్కకి నెట్టి, "నువ్వు తిన్నావా?" అన్నారు.

"తింటాలెండి."

"చిక్కి సగమయ్యావు. కంచం ఇక్కడికి తెచ్చుకో. నా ఎదురుగా తిను, చూస్తా."

దోసకాయ పప్పూ అన్నమూ కలుపుకుని మంచం పక్కన కింద కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. "నిదానంగా నమలవే" అన్నారు. తలెత్తి చూస్తే, చంటిపిల్లకి తినిపించే తల్లి నోరు కదిలినట్టు, నాతోపాటు ఆవిడ నోరు కూడా కదులుతోంది. నేను కంచం ఖాళీ చేసేదాకా, నేను మింగినప్పుడల్లా ఆవిడా గుటక వేస్తూనే ఉన్నారు.